జాతర వారంలో దవడ పన్ను

గంగమ్మ జాతర చాటింపు వేసిన మర్నాడు, జాతరలో మొదటి వేషమైన బైరాగి వేషం రోజున, కింది దవడలో కుడి పక్క పన్ను పీకించుకున్నాను. తిరుపతిలో టైలరు పని చేసే మనిషి అంతకన్నా చెడ్డ ముహూర్తం పెట్టుకోలేదు. జాతరలో మొక్కు ఉన్న మగవాళ్లు చీర కట్టుకుని ఆడవేషం వేస్తారు. చీర ఇంట్లో ఎవరిదో ఒకరిది దొరుకుతుంది. జాకెట్టే దొరకదు. 44 అంగుళాల చాతీకి ఇంట్లో ఎవరి జాకెట్ పడుతుంది? ఆ వారం నా మిషన్ పక్కన మగవాళ్ల జాకెట్లు పదకొండు కుట్టడానికి ఉన్నాయి.

పన్ను మాత్రం ఉగాదికి ముందే పుచ్చింది. లవంగం నొక్కిపెట్టుకుంటూ, నొప్పి వచ్చిన రోజు ఒక మాత్ర వేసుకుంటూ నెట్టుకొచ్చాను. చివరికి మురుకు కొరికితే సగం పన్ను మురుకుతో పాటే వచ్చేసింది. చాటింపు రాత్రి డప్పులు ఒక పక్క, నా దవడలో పోటు ఒక పక్క. చాటింపు వేశాక జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదంటారు. కాబట్టి చిత్తూరులో మా అమ్మ దగ్గరికి పోయి పడుకునే దారి కూడా లేదు.

రూట్ కెనాల్ చేసి నిలబెట్టండి మేడమ్ అని బతిమాలాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి, "క్యాప్ వేయడానికి పైన పన్నే మిగల్లేదమ్మా, దేనికి తొడగమంటారు?" అంది. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి కింది పెదవి సగం, నాలుక సగం నావి కాకుండా పోయాయి. పీకడం అంటే పట్టుకారుతో లాగడమే అనుకుంటాం కదా. ఆమె లాగనే లేదు. పందిరి గుంజను పెరికే ముందు ఇటూ అటూ ఊపి వదులు చేసినట్టు, నెట్టి, తిప్పి, మళ్లీ నెట్టింది. నొప్పి లేదు గానీ చెవిలో కరకరమని చప్పుడు. ఆ చప్పుడుకే చెమటలు పట్టాయి. బయటికొచ్చాక ట్రేలో చూస్తే రెండు వేర్లతో, నేను అనుకున్నదానికి రెండింతలు ఉంది.

మడిచిన గాజు గుడ్డ పెట్టి ముక్కాలు గంట గట్టిగా కరిచి పట్టుకోమంది. రేపటిదాకా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో ఏమీ తాగొద్దు, వేడివి వద్దు అని వరసగా చెప్పింది. అవన్నీ ఒక కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు, ఇంగ్లీషులో. తిరుపతిలో పన్ను పీకించుకునేవాళ్లకు ఇంగ్లీషులో కాగితం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాకపోతే తెలుగులో ఉన్నా ఆ రోజు చదివేదాన్ని కాదేమో. నా తలంతా హుక్కులూ కాజాలతో నిండి ఉంది.

మందులు ఐదు రోజులకు రాసింది. యాంటీబయాటిక్‌లు అమోక్సిసిలిన్ 500, మెట్రోనిడజోల్ 400, రెండూ రోజుకు మూడుసార్లు. నొప్పికి ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాతే. పరగడుపున గ్యాస్ మాత్ర. మెట్రోనిడజోల్ వేసుకునే రోజుల్లో మద్యం ముట్టకూడదని, వాంతులు, గుండెదడ వస్తాయని మెడికల్ షాపతను మా ఆయనకు చెప్పాడు, మాత్రలు ఆయనకే అనుకుని. జాతర వారంలో ఆ మాట వినగానే ఆయన ముఖం చూడాలి. "నాకు కాదబ్బా, ఆమెకు" అని రెండుసార్లు చెప్పాడు.

అసలు తప్పు ఇంటికొచ్చాక జరిగింది. గుడ్డ తీసేశాక ఎంగిలితో కలిసి కొంచెం కొంచెం రక్తం ఊరుతోంది. మా అత్త చూసి, "ఉమ్మేయమ్మా, ఆ చెడ్డ రక్తం లోపలికి పోతే ఇంకేమన్నా ఉందా" అంది. నాకూ మింగాలంటే అసహ్యం. ఉమ్మాను. ఉమ్మేకొద్దీ ఇంకా వస్తోంది. సాయంత్రం ఆవిడే గోరువెచ్చని ఉప్పునీళ్లు తెచ్చిస్తే గొంతు దాకా తిప్పి గట్టిగా పుక్కిలించాను. నోరు శుభ్రంగా ఉంటే పుండు తొందరగా మానుతుందని ఇద్దరమూ నమ్మాం. ఆ రాత్రి మిషన్ దగ్గర కూర్చుని రెండు జాకెట్లకు హుక్కులు కుట్టాను. సూదిలోకి ఎక్కించే ప్రతిసారీ దారం కొసను పెదాల మధ్య పెట్టి చప్పరించి సన్నం చేయడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. అది ఒక పని అని కూడా నాకు తెలియదు.

రెండో రోజు బాగానే గడిచింది. వాపు ఉంది గానీ పోటు లేదు. చల్లారిన రాగి అంబలిలో మజ్జిగ కలుపుకుని ఎడమ పక్కనుంచి తాగాను. జాతర రోజులు కాబట్టి అంబలికి కొదవ లేదు. నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు ఒకటే చేదు, అది మెట్రోనిడజోల్ గుణమట. బయట వేషాలు వేసినవాళ్లు ఆచారం ప్రకారం నోరారా బూతులు తిడుతూ వీధి వెంట పోతుంటే, నేను రెండు వేళ్లు దూరేంత కూడా నోరు తెరవలేక కిటికీ దగ్గర నిలబడి చూశాను.

మూడో రోజు, తోటి వేషం నాటి రాత్రి, పదకొండు గంటలకు మొదలైంది. పీకించుకునే ముందు ఉన్న నొప్పి దీని ముందు లెక్కలోకి రాదు. గుంతలోనుంచి పుట్టి చెవిలోకి, చెవినుంచి కణత దాకా ఒకటే సలుపు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక పోటు. నోరంతా పాచి కంపు. రాత్రి మాత్ర వేసుకుని రెండు గంటలే అయింది, అయినా లెక్క చేయడం లేదు. "ఏంది, మళ్లీ నొస్తా ఉందా?" అని మా ఆయన లేచాడు. ఫోన్ టార్చి వేయించి అద్దంలో చూసుకున్నాను. పొలంలో బోరు తవ్వి వదిలేసిన గుంతలా ఉంది. మొదటి రోజు అందులో నల్లగా, ఎర్రగా నిండుగా కనిపించిన రక్తపు గడ్డ లేదు. అడుగున బూడిద రంగులో ఏదో కనిపిస్తోంది. అన్నం మెతుకేమో అనుకుని పుల్లతో తీయబోయాను. తగలగానే కళ్లు బైర్లు కమ్మాయి. అది నా ఎముక.

జాతర కాబట్టి ఆ వేళ కూడా మెడికల్ షాపు తెరిచే ఉంది. షాపతను ఒక మాత్ర ఇచ్చి, "ఇది స్ట్రాంగన్నా, పది నిమిషాల్లో పడుకుంటుంది" అన్నాడట. వేసుకున్నాను. నొప్పి పడుకోలేదు, నేనూ పడుకోలేదు. తెల్లారేసరికి దానికి తోడు కడుపులో మంట.

పొద్దున్నే క్లినిక్ మెట్ల మీద కూర్చున్నాను. డాక్టరమ్మ ఒక్క చూపు చూసి "డ్రై సాకెట్" అంది. తర్వాత ప్రశ్నలు. వక్కాకు, పొగాకు ఏమైనా నములుతారా? పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడతారా? షుగర్ ఉందా? అన్నిటికీ లేదన్నాను. "మరి ఉమ్మారా? పుక్కిలించారా?" తలదించుకున్నాను. "ఏం పని చేస్తారమ్మా?" అంది. టైలరునని చెప్పి, ఎందుకో తెలియకుండానే దారం సన్నం చేసే పని చేతులతో చేసి చూపించాను. ఆమె నవ్వింది. "స్ట్రా వద్దన్నది అందుకే కదమ్మా. లోపలికి పీల్చినా, గట్టిగా ఉమ్మినా ఆ గడ్డ ఊడొస్తుంది. గుంతలో గడ్డకట్టిన ఆ రక్తమే మీకు కట్టు. దాని మీదే కొత్త చిగురు వస్తుంది. మీరు కట్టు విప్పి పారేశారు" అంది.

చెడ్డ రక్తం అని ఉమ్మింది అదన్నమాట. దారం చప్పరించడం వల్లే ఊడిందో, ఉప్పునీళ్ల వల్లే ఊడిందో ఎవరూ చెప్పలేరు. కొందరికి ఏ తప్పూ చేయకపోయినా వస్తుందని ఆమే అంది, నన్ను ఓదార్చడానికేమో.

రాత్రి వేసుకున్న మాత్ర స్ట్రిప్ చూపిస్తే మాత్రం కోప్పడింది. అది డైక్లోఫెనాక్. నేను అప్పటికే వాడుతున్న ఎసిక్లోఫెనాక్‌కు అన్నదమ్ముడు. రెండూ కలిస్తే నొప్పి రెండింతలు తగ్గదు, కడుపుకూ కిడ్నీలకూ దెబ్బ రెండింతలు. కావాలంటే మధ్యలో ఒట్టి పారాసిటమాల్ వేసుకోవచ్చట, అదీ నొప్పి మాత్రలో ఇప్పటికే 325 మిల్లీగ్రాములు ఉందని లెక్కలో పెట్టుకుని. యాంటీబయాటిక్ డోసు పెంచుతుందేమో అనుకున్నాను. "ఇది చీము నొప్పి కాదు, ఎముకకు గాలి తగిలిన నొప్పి. దానికి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?" అంది. జ్వరం వచ్చినా, వాపు మెడ దాకా దిగినా, మింగడం కష్టమైనా రాత్రీ పగలూ చూడకుండా పెద్దాసుపత్రికి పోవాలని మాత్రం గట్టిగా చెప్పింది.

సిరంజితో సెలైన్ కొట్టి గుంత కడిగింది. ఆ రెండు నిమిషాలు కుర్చీ చేతులు విరిచేశాననే అనుకున్నాను. తర్వాత సన్నని గుడ్డ పేలికకు మందు అద్ది, పట్టకారుతో మడతలు మడతలుగా లోపలికి కుక్కింది. గుప్పున లవంగం వాసన. మూడు నెలలు నేను ఇంట్లో నొక్కిపెట్టుకున్న లవంగంలో ఉండే నూనె మందే అది. క్లినిక్ మెట్లు దిగేలోపే చెవిలో సలుపు ఆగిపోయింది. ఆటో ఎక్కగానే నిద్రపోయాను. మా వీధి దాటిపోయి లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటో అతను లేపాడు.

సోమవారం పోయి పేలిక మార్పించుకున్నాను. జాకెట్లలో ఏడు ఇచ్చాను, నాలుగు పక్కవీధి టైలరుకు పంపాను. అందులో ఒకతను జాతర రోజు వేషంతోనే వచ్చి, తలలో మల్లెపూలతో, "చంకలో బిగుతుగా ఉంది అక్కా" అని తగువు పెట్టుకున్నాడు. నవ్వితే దవడ నొస్తుందని చేత్తో పట్టుకుని నవ్వాను.

బుధవారం తెల్లవారుజామున అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప తీయడంతో జాతర ముగుస్తుంది. ఆ మట్టికోసం జనం ఎగబడతారు. మా అత్త ఆ తోపులాటలో చిటికెడు సంపాదించుకొచ్చి, నిద్రలో ఉన్న నా చెంపకు పూసింది. లేచి అద్దంలో చూసుకుంటే ఎడమ చెంపకు పూసి ఉంది. ఏమీ అనలేదు.

చిగురు మూసుకోవడానికి దాదాపు నెల పట్టింది. అన్నం తిన్న ప్రతిసారీ మెతుకులు ఇరుక్కుంటే, మొన లేని సిరంజితో నీళ్లు కొట్టుకునేదాన్ని. పాప సూదిలో దారం ఎక్కించే చిన్న రేకు ముక్క ఒకటి కొనిచ్చింది. మిషన్‌కు నాడాతో కట్టుకున్నాను. అయినా పని తొందరలో ఉన్నప్పుడు దారం పెదాల దాకా వచ్చేస్తుంది, అప్పుడు గుర్తొచ్చి దించుతాను.