ప్లైవుడ్ గీత పక్కన దుంగల గీత కూడా గీయండి

జపాన్, అమెరికాల ప్లైవుడ్ దిగుమతులను ఒకే గ్రాఫ్‌లో పెట్టి చూడటం నాకు కొంతకాలంగా పట్టుకున్న పిచ్చి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లెక్కలు 1961 నుంచి దొరుకుతాయి కాబట్టి బొమ్మ పొడవుగానే వస్తుంది. కానీ ఆ రెండు గీతల్నే చూసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది.

1960లలో జపాన్ దిగుమతి నామమాత్రం. అక్కడ ప్లైవుడ్ వాడక కాదు. ఫిలిప్పీన్స్ నుంచి లావాన్ అనే అడవి చెట్ల దుంగలు తెప్పించుకుని, సొంత మిల్లుల్లో పొరలుగా ఒలిచి, అతికించి, వాడుకోగా కొంత అమెరికాకు అమ్మేవాళ్లు. అంటే ఒకే చెట్టు జపాన్ పద్దులో దుంగ, అమెరికా పద్దులో ప్లైవుడ్! ఆ తర్వాత కొరియా, తైవాన్ మిల్లులూ ఇదే వ్యాపారంలోకి దిగాయి.

1985లో ఇండోనేసియా దుంగల ఎగుమతిని నిషేధించింది. సరుకు కావాలంటే ప్లైవుడ్ షీట్లే కొనండి అంది. జపాన్ గీత నిటారుగా లేచింది అప్పుడే. అప్పట్లో జపాన్‌లో ఇళ్ల నిర్మాణం జోరుగా ఉన్నమాట నిజమే. అయినా ఆ ఎత్తుకు అసలు కారణం, ఒలిచే పని జపాన్ నుంచి ఇండోనేసియాకు మారడం. దుంగల గీత పక్కన లేకపోతే ఇది కనబడదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ రష్యా. 2007లో దుంగల ఎగుమతి సుంకాన్ని 20 శాతానికి, మరుసటి ఏడాది 25 శాతానికి పెంచింది. ఆ దుంగల మీద ఆధారపడ్డ జపాన్ మిల్లులు ఈసారి బయటి షీట్ల వైపు చూడలేదు. యుద్ధం తర్వాత నాటిన సుగి (జపాన్ దేవదారు) చెట్లు కోతకొచ్చి ఉన్నాయి. అప్పటికే మొదలైన స్వదేశీ కలప వాడకం ఇంకా ఊపందుకుంది. కాంక్రీటు సెంట్రింగ్ పలకల్లాంటి వాటికి మాత్రం మలేసియా, ఇండోనేసియా సరుకు వస్తూనే ఉంది.

అమెరికా గీతకు వేరే తాళం చెవి కావాలి. 2005లో 20 లక్షలు దాటిన కొత్త ఇళ్లు 2009లో 5.54 లక్షలకు పడిపోయాయి. ఆ దెబ్బ ఎవరికైనా కనిపిస్తుంది. 2018 అలా కాదు. చైనా హార్డ్‌వుడ్ ప్లైవుడ్ మీద 183 శాతం యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి పోస్తున్నారని వేసేది) పడింది, దానిపైన సబ్సిడీలకు విరుగుడు సుంకం వేరే. అయినా మొత్తం దిగుమతుల గీత చూస్తే అంత పెద్ద దెబ్బ తగిలినట్టే ఉండదు. దేశాలవారీగా రంగులు వేస్తే చైనా పట్టీ సన్నబడి వియత్నాం పట్టీ లావెక్కడం తెలుస్తుంది. 2022లో రష్యా నుంచి వచ్చే బిర్చ్ చెట్టు ప్లైవుడ్ మీద అమెరికా సుంకం పెరిగినప్పుడూ నేను ముందు చూసింది దేశాల రంగులనే.

లెక్కలు కలిపేవాళ్లకు ఒక మాట: అమెరికాలో దేశీయ ఉత్పత్తిని 3/8 అంగుళం మందం లెక్కన చదరపు అడుగుల్లో చెబుతారు. ఆ మందంలో వెయ్యి చదరపు అడుగులంటే 0.885 ఘనపు మీటర్లు. డాలర్లలో పోల్చాలనుకుంటే నన్ను పిలవకండి, ధరల ఎగుడుదిగుళ్లు అన్నింటినీ కప్పేస్తాయి.

వియత్నాం సంగతికి వస్తే, అమెరికా వాణిజ్య శాఖ 2023లో తేల్చిందేమిటంటే, అక్కడి నుంచి వచ్చిన సరుకులో కొంత, చైనా పొరల్ని అక్కడ అతికించి పంపినదే. ఇప్పుడు నేను దుంగలతోపాటు పొరల గీత కూడా గీస్తున్నాను.