ఎనిమిది వందల ఏళ్ల చెరువులు ఇంకా ఎందుకు పారుతున్నాయి

వరంగల్ ప్రాంతపు సాగు గురించి మాట్లాడేవారు చెరువును గతంగానూ, బోరును, ఎత్తిపోతలను వర్తమానంగానూ చెబుతుంటారు. ఈ విభజనను నేను ఒప్పుకోలేను. కాకతి గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దపు తొలినాళ్లలో కట్టిన పాకాల, రామప్ప చెరువుల కింద నేటికీ వరి పండుతోంది. రైతులు వాటిని పూర్వీకుల మీది భక్తితో నిలుపుకోలేదు. నీళ్లు వస్తున్నాయి కాబట్టి నిలుపుకున్నారు.

గుట్టల నడుమ సందు చూసి, అక్కడ మాత్రమే కట్ట పోయడం వల్ల కొద్దిపాటి శ్రమతో ఎంతో నీరు నిలిచింది. తూము తెరిస్తే ఆ నీరు కరెంటు, మోటారు అక్కరలేకుండా వాలును బట్టి ఆయకట్టుకు చేరుతుంది. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే మిగులు నీరు వాగు వెంట దిగువ చెరువులోకి పోతుంది. అయితే వీటి మన్నికకు అసలు కారణం మరమ్మతు ఊరివాళ్ల చేతిలో ఉండడమేనని నా నమ్మకం. కట్టకు బుంగ పడితే చాలావరకు కంటికి కనబడుతుంది, మట్టి బస్తాలతో అప్పటికి ఆపవచ్చు. పూడిక తీస్తే ఆ ఒండ్రు మట్టి పొలానికి సత్తువ అవుతుంది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ చేపట్టినదీ ప్రధానంగా ఈ పాత పనులనే. గోదావరి మీద 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బరాజ్ పియర్లు (స్తంభాలు) 2023 అక్టోబరులో కుంగినప్పుడు మాత్రం చుట్టుపక్కల రైతులు నిపుణుల కోసం ఎదురుచూడడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

కొత్తవాటిని నేను తక్కువ చేయడం లేదు. వాన మొహం చాటేసిన ఏడు గోదావరి నీళ్లు ఎక్కి రావలసిందే. కానీ దేవాదుల ఎత్తిపోతల పథకం పంపులు ఎత్తిన ఆ నీటిని నిలుపుకుంటున్నవి రామప్ప వంటి చెరువులే. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చినా, చెరువు ఎండిన ఊళ్లో బోరు ఎంతకాలం పోస్తుందో రైతుకు తెలుసు.

నన్ను కలవరపెడుతున్నది చెరువుల మధ్య ఉన్న వాగులు, కాలువల సంగతి. 2020 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ కాలనీలు మునగడానికి భారీ వానలతో పాటు నాలాల ఆక్రమణలూ కారణమే. పూడిక తీసి, కట్టను బలపరిచి, నీరు వచ్చే దారిని ప్లాట్లకు వదిలేస్తే ఆ చెరువు నిండదు. షికం భూముల, అంటే చెరువు నీరు నిలిచే భూముల, హద్దులతో పాటు ఈ కాలువల హద్దులను కూడా సర్వే చేసి, రాళ్లు పాతి, వాటి పటాన్ని ప్రతి గ్రామ పంచాయతీలో అందరికీ కనబడేలా పెట్టాలి.