నల్లమట్టి నాసిమియెంతో: మూడో కాల్పూ బూడిద పాలే

నాసిమియెంతో అంటే మెక్సికోలో క్రిస్మస్‌కి పేర్చే యేసు పుట్టుక బొమ్మల సెట్. నా 11 బొమ్మల్లో అక్కడి వహాకా రాష్ట్రపు నల్లమట్టి పనికి (బార్రో నెగ్రో) ఉండే నలుపు, ఆ అద్దంలాంటి మెరుపు వచ్చినవి రెండే: గాడిద, గొర్రెల కాపరి. మరియ, యోసేపు, ముగ్గురు జ్ఞానులు మెరుపు చచ్చి బూడిద రంగులో బయటపడ్డారు. బాలయేసు, దేవదూత, ఎద్దు, గొర్రె నల్లబడ్డాయి గానీ వీపుల మీద ఇటుక రంగు మచ్చలు.

మొదటి అనుమానం రుద్దడం మీద. అది కాదు. అన్నీ ఒకే సాయంత్రం, ఒకే అగేటు రాయితో, గోరు నొక్కితే గాటు పడీపడనట్టున్నప్పుడు రుద్దినవే.

తేడా వరసల్లో ఉంది. ఆవం లోపలి ఎత్తు 45 సెం.మీ. నల్లబరిచే పొగ కోసం ఊక వేసి మూసే సమయానికి కింది థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 880 డిగ్రీలు, పైది 740. బూడిదరంగు ఐదూ అట్టడుగువి, మచ్చలవి పై వరసవి, బాగున్న రెండూ నడిమివి. యోసేపును విరగ్గొడితే 6 మి.మీ. గోడలో ఎక్కడా ఎరుపు లేదు. పొగ సరిగానే పట్టింది, వేడే ఎక్కువైంది. రాయి రుద్దుడుకి పలకల్లా పడుకున్న మట్టి రేణువులు అంత వేడికి ముడుచుకుంటాయి, మెరుపు చెదిరిపోతుంది.

ఈ నల్లమట్టి పనికి పేరున్న వహాకా ఊరు సాన్ బార్తోలో కొయొతెపెక్‌లో పాత మెస్కాల్ (కలబంద జాతి మొక్క సారా) జాడీలు బూడిదరంగువే: బాగా కాలినవి, చుక్క కారనివి. 1950ల్లో ఆ ఊరి కుమ్మరి దోన్యా రోసా ఆరీఆరని మట్టిని క్వార్ట్జ్ రాయితో రుద్ది, తక్కువ వేడిలో కాల్చి నిగనిగలాడే నలుపు రాబట్టారు. మెరుపు దక్కింది, నీళ్లు నిలవడం పోయింది. ఇక్కడా అంతే: యోసేపు ముక్క ఖంగుమంటోంది, గాడిద టక్కుమంటోంది.

మచ్చల సంగతి వేరు. ఎద్దు వీపు గీకితే ఎరుపు ఒక్క మిల్లీమీటరే, కింద నలుపు. అంటే నల్లబడ్డాక, చల్లారేటప్పుడు గాలి సోకింది. పై అంచున మెత్తిన మట్టి ఆరి వేలు దూరేంత నెర్రె ఇచ్చింది. ఉత్త బంకమట్టి మెత్తితే ఇంతే. ఈసారి మూడో వంతు ఇసుక, తరిగిన గడ్డి కలిపి ఒక పూత, పది నిమిషాలాగి ఇంకో పూత. మూసేశాక 14 గంటలు ఆవాన్ని ముట్టుకోకూడదు.

నాలుగో కాల్పులో కింది వరసను రెండు ఇటుకల ఎత్తు లేపాలి. 700 దగ్గర అరగంట నిలిపి, కింద 780 చూపగానే 3 కిలోల ఊక వేసి మూసేయాలి. రంపపు పొట్టు వద్దు, భగ్గుమని వేడి పెంచేస్తుంది. బూట్ పాలిష్‌తో మెరిపించే పద్ధతి కూడా ఉంది. అది నల్ల రంగేసిన మట్టే గానీ బార్రో నెగ్రో కాదు.

ఇవే బొమ్మలు వేరే సరుకులతోనూ చేస్తున్నాను. మొక్కజొన్న పొత్తు పొరల సెట్ అయిపోయింది, ఫెవికాల్, నూలుదారం సరిపోయాయి. రేకు సెట్టూ అయింది.

ముల్లంగి సెట్ మాత్రం చెయ్యను. వహాకాలో డిసెంబరు 23 ముల్లంగుల రాత్రికి, 1897 నుంచి, చెక్కి పోటీకి పెడతారు. కొన్ని గంటలకే వాడిపోయే సరుకు, నీళ్లు చల్లుతూనే ఉండాలి.

తర్వాతిది మెక్సికోలోనే ఇంకో రాష్ట్రం మిచోవకాన్ పద్ధతి: మొక్కజొన్న కాడ బెండు పొడిని ఆర్కిడ్ జిగురుతో ముద్ద చేసి మలిచే బొమ్మలు. పెద్ద విగ్రహమైనా ఊరేగింపులో మోసేంత తేలిక. మన పిల్లలు బండ్లు చేసుకునే జొన్న బెండు దానికి దగ్గరి చుట్టమే. జిగురుకి తుమ్మబంక, పాళ్లు మూడుకి ఒకటితో మొదలు.