వాన లోపలికొచ్చే దారులు

మొదటి రెయిన్ సూట్ నన్ను మోసం చేసిన రోజున పడింది కుంభవృష్టి కాదు, ఉత్త ముసురు. ఇంటి నుంచి కాలేజీకి బండి మీద 28 కిలోమీటర్లు. సగం దూరం వెళ్లేసరికి ఒళ్లో చల్లగా ఏదో తగిలింది. దిగి చూసుకుంటే భుజాలు పొడిగా ఉన్నాయి, మోకాళ్లు పొడిగా ఉన్నాయి. సరిగ్గా కూర్చునే చోట మాత్రం రెండు అరచేతుల మేర తడి. ఆ రోజు మొదటి పీరియడ్ అంతా ఒక రిజిస్టర్ అడ్డం పెట్టుకుని బోర్డు దగ్గరే నిలబడి పాఠం చెప్పాను. పాఠం ద్రవపీడనం. అంతకంటే వెక్కిరింత ఉంటుందా?

ఆ సూట్ మీద 5,000 మి.మీ. అని గొప్పగా రాసి ఉంది. ఆ అంకె ఏమిటో ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి నాకు తెలుసు. బట్ట మీద నీటి పీడనం పెంచుకుంటూ పోతారు. నీళ్లు అవతలికి చుక్కలుగా కారడం మొదలయ్యే పీడనాన్ని నీటి స్తంభం ఎత్తులో చెబుతారు. 5,000 అంటే అయిదు మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినా ఆపుతుందని. అయిదు మీటర్ల నీటిని ఆపగలిగిన బట్ట ముసురుకు లొంగడమేమిటని చాలా రోజులు బుర్ర గోక్కున్నాను. నిజానికి బట్ట లొంగలేదు. లొంగింది కుట్టు.

బండి మీద కూర్చున్నప్పుడు మన ఒడి, ట్యాంకు, సీటు కలిసి ఒక తొట్టిలా తయారవుతాయి. ఛాతీ మీద పడ్డ నీళ్లన్నీ జారి అక్కడికే చేరతాయి, ఎదురుగాలి వాటిని అక్కడే పట్టి ఉంచుతుంది, పైనుంచి మన బరువు నొక్కుతుంది. ప్యాంటులో నాలుగు కుట్లూ వచ్చి కలిసేదీ అక్కడే. సూది గుచ్చిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది కదా. ఆ కుట్ల మీద లోపలి వైపు టేపు అతికించి ఉండకపోతే మిగతా బట్ట ఎంత గొప్పదైనా ఒకటే. ఇప్పుడు ఏ సూట్ చూసినా ముందు దాన్ని తిరగేస్తాను. టేపు అన్ని కుట్ల మీదా ఉందా, భుజాల మీద మాత్రమే వేసి ఊరుకున్నారా, నాలుగు కుట్లు కలిసే చోట అంచులు లేచిపోతున్నాయా అని గోటితో గీకి చూస్తాను. ఆ చోట అడ్డంగా వేరే ముక్క వేసి, కుట్టును పక్కకు జరిపి కుట్టినవి కొన్ని ఉంటాయి. అలాంటిది దొరికితే వదలను.

అంకె అసలు అక్కర్లేదని కాదు. ఒకసారి ఊరికే లెక్క వేసి చూశాను. పెద్ద వాన చినుకు కిందికి పడే వేగం సెకనుకు దాదాపు 9 మీటర్లు దాటదు. ఆ వేగానికి సమానమైన నీటి స్తంభం నాలుగు మీటర్ల పైచిలుకు. మనం గంటకు 80 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 22 మీటర్లతో, ఆ చినుకుకు ఎదురెళితే? పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 25 మీటర్లు! చినుకు తాకిడి రెప్పపాటుదే, పైగా ఏటవాలుగా తగులుతుంది కాబట్టి 25,000 అంకె ఉన్న సూట్ కోసం పరుగెత్తనక్కర్లేదు. కానీ నడిచి వెళ్లేటప్పుడు చక్కగా పనిచేసిన రెయిన్‌కోటు బండి మీద ఎందుకు చేతులెత్తేస్తుందో ఈ లెక్క చెబుతుంది. 10,000 దగ్గర ఉండి, కుట్లన్నిటికీ టేపు ఉంటే నా వరకు చాలు.

చర్మంలా ఊపిరి పీల్చే బట్టల సంగతి అందరూ అడుగుతారు. 1969లో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్ కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే అవి తెగిపోతూ వచ్చాయట. విసుగొచ్చి ఒక్క ఉదుటున లాగితే తెగకుండా ఎన్నో రెట్లు సాగింది. ఆ సాగినదాంట్లో ఏర్పడ్డ సన్నటి రంధ్రాలే గోర్‌టెక్స్ అనే బట్టకు మూలం. నీటి బిందువు దూరలేదు, ఆవిరి మాత్రం వెళ్లిపోతుంది. క్లాసులో పిల్లలకు ఈ కథ చెబితే నోరు తెరుచుకుని వింటారు. కానీ ఆవిరి తనంతట తాను బయటికి పోదు, లోపల ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. బయట కూడా ఉక్కగా, గాలి నిండా తేమగా ఉంటే అది ఎటు పోతుంది? పైగా పైబట్ట నీళ్లు పీల్చుకుని నీటి పొర కప్పుకుంటే రంధ్రాలు ఉండీ లేనట్టే. చలి ప్రదేశాల్లో రోజంతా తిరిగేవాళ్లకు దానికి పెట్టే డబ్బు దండగ కాదు. గంటలోపు ప్రయాణానికి నాకు పాలియురెథేన్ పూత వేసిన మామూలు నైలాన్ చాలనిపించింది. పీవీసీది మాత్రం వద్దు. నీళ్లను బాగానే ఆపుతుంది గానీ చలికి బిర్రబిగుసుకుపోతుంది, మడతల దగ్గర పగులుతుంది, లోపల మనం చెమటతో ఉడికిపోతాం.

మా తమ్ముడిది వేరే దారి. లోపల జిప్పుతో తగిలించుకునే వానపొర ఉన్న జాకెట్ కొన్నాడు. మొదటి వానకు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "అక్కా, ఒక్క చుక్క తడవలేదు తెలుసా" అన్నాడు. నిజమే, బనీను పొడిగా ఉంది. "మరి నీ ఫోను ఏదిరా?" అన్నాను. జేబులు ఆ పొరకు బయట ఉన్నాయి! ఫోనును రెండు రోజులు ఫ్యాను కింద పెట్టాడు, లాభం లేకపోయింది. ఆ జాకెట్ విప్పి కుర్చీకి తగిలిస్తే నేల మీద మడుగు కట్టింది. అన్ని నీళ్లు మోసుకుంటూ వచ్చాడన్నమాట. ఒక్క గ్రాము నీరు ఆవిరవడానికి దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి. గాలికి ఆ జాకెట్ ఆరుతున్నంతసేపూ ఆ వేడిలో కొంత వాడి ఒంట్లోంచే పోతుంది. తడవకపోయినా పళ్లు టకటకలాడుతూ ఎందుకొచ్చాడో అప్పుడు అర్థమైంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, వాన మొదలయ్యాక ఆ పొర తగిలించాలంటే రోడ్డు పక్కన జాకెట్ మొత్తం విప్పాలి.

అందుకే నేను పైన తొడుక్కునే సూట్ మనిషిని. కింద మోచేతులకు, భుజాలకు దిండ్లున్న రైడింగ్ జాకెట్ ఎలాగూ ఉంటుంది. బండి మీంచి పడితే రెయిన్ సూట్ కాపాడదు, అది నీళ్లు ఆపేదే. ఆ రెండూ కలగలిపి ఆలోచించకూడదు.

ఇక వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు. నా అనుభవంలో వాన రాకడ తెలుస్తూనే ఉంటుంది, ఒప్పుకోబుద్ధి కాదు, అంతే. మొదటి చినుకు వైజర్ మీద పడగానే "ఇంకో రెండు కిలోమీటర్లు చూద్దాం" అనుకుంటాం. ఎందుకు? ఆ సూట్ తొడుక్కోవడం నరకం కాబట్టి. బూట్లు పట్టవు, జిప్పు ఇరుక్కుంటుంది, ఒంటికాలి మీద గెంతుతూ పక్కన పోయేవాళ్లకు వినోదం పంచాలి. నేను తడిసిన రోజుల్లో సగం సూట్ డిక్కీలో పొడిగా, భద్రంగా ఉన్న రోజులే. అందుకే నీళ్ల అంకె కంటే ముందు తొడుక్కునే టైము చూస్తాను. బూట్లు, జాకెట్ వేసుకుని, గడియారం పెట్టుకుని, దేన్నీ ఆనుకోకుండా తొడుక్కోవాలి. రెండు నిమిషాలు దాటితే ఆ సూట్ నాకొద్దు.

ఈ పరీక్షలో ఒకే ముక్కగా ఉండే సూట్లు ఓడిపోయాయి. నడుము దగ్గర సందు ఉండదు కాబట్టి నీళ్లు ఆపడంలో వాటికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ అది తొడుక్కోవడమంటే పాము విప్పేసిన కుబుసంలోకి మళ్లీ దూరడమే. నాది రెండు ముక్కలది. ప్యాంటు నడుము పైదాకా ఎత్తుగా ఉండి భుజాలకు పట్టీలుంటాయి, కోటు దాని మీదికి బాగా దిగుతుంది. ప్యాంటు కాళ్లకు మోకాలి దాకా జిప్పు, జిప్పు వెనక నీళ్లు ఆపే మడత పట్టీ ఉండాలి. అయినా బూటు ఇరుక్కుంటే ఒక చిట్కా: బూటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి కాలు దూర్చండి, సర్రున జారిపోతుంది. ఆ సంచి ఇప్పుడు నా సూట్ మడతలోనే ఉంటుంది.

సైజు నిలబడి చూసుకుంటే తప్పు. బండి మీద కూర్చుని చేతులు చాచి చూడాలి. అప్పటిదాకా మణికట్టు దాటిన కోటు చేతులు పైకి లాక్కుపోతాయి, ప్యాంటు చీలమండ పైకి లేస్తుంది, వీపు బిగుస్తుంది. ఆడవాళ్లకు ఇంకో బాధ, అందరికీ సరిపోతుందని అమ్మేవన్నీ మగవాళ్ల కొలతలవే. తుంటి దగ్గర పట్టేది తీసుకుంటే చేతులు వేళ్ల చివరలు దాటుతాయి, చేతులకు సరిపోయేది తీసుకుంటే కూర్చోగానే తొడల దగ్గర కుట్టు అరుస్తుంది. నేను తుంటికి సరిపోయేదే తీసుకుని చేతులు వెల్క్రోతో బిగించుకుంటాను. వదులుగా ఉందని ఊరుకోకూడదు. గాలికి టపటపలాడే బట్ట అరగంటలో మెడ నొప్పి తెస్తుంది, గొలుసు వైపు కాలికి పట్టీ లేకపోతే ఇంకా పెద్ద ప్రమాదం తెస్తుంది. ఇక కుడికాలి వైపు నా పాత ప్యాంటుకు రూపాయి బిళ్లంత రంధ్రం ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సైలెన్సర్‌కు తగిలి నైలాన్ కరిగిపోయింది. ఆ వాసన వారం దాకా బండిని వదల్లేదు. ఆ చోట వేడికి తట్టుకునే ముక్క వేసిన ప్యాంట్లు ఉంటాయని అప్పటికి నాకు తెలియదు.

మెడ దగ్గర మోసం ఇంకా సన్నగా ఉంటుంది. హెల్మెట్ వెనక అంచు నుంచి కారే నీళ్లు నేరుగా కాలర్‌లోకి దిగుతాయి. కాలర్ ఎత్తుగా, మెత్తగా ఉండాలి. మెడకు నూలు రుమాలు చుట్టుకున్నానో, అయిపోయానే! దీపం వత్తి నూనె లాగినట్టు బయటి తడిని మెల్లగా లోపలికి లాగి బనీనుకు అందిస్తుంది. కోటు చేతుల్లోంచి తొంగిచూసే నూలు చొక్కా అంచుదీ ఇదే పని. మోచేతుల దాకా తడిసి, కోటు చిల్లు పడిందనుకుని చాలాసేపు వెతికాను. చిల్లేమీ లేదు. చొక్కా అంచు ఒక్క అంగుళం బయటికొచ్చి ఉంది.

గ్లౌజుల విషయంలో నాకు ఇంకా తృప్తి లేదు. నీళ్లు దూరనివి మందంగా ఉండి బ్రేకు లీవర్ స్పర్శ తెలియనివ్వవు. తడి చేతులతో విప్పితే లోపలి పొర వేళ్లతోపాటు ఊడి వస్తుంది, మళ్లీ వేళ్లు దూరవు. బండి మీద చేతులు భుజాల కంటే కిందే ఉంటాయి కాబట్టి నీళ్లు చేతి వెంట జారి గ్లౌజులోకి పోతాయి. అందుకని గ్లౌజు అంచు కోటు చేతి లోపల ఉండాలి. ఎడమ బొటనవేలికి వైజర్ తుడుచుకునే రబ్బరు అంచు ఉన్నవి చూసుకోండి, చిన్న విషయమే గానీ దాని విలువ వానలో తెలుస్తుంది. వైజర్‌కు లోపల ఆవిరి పట్టకుండా ఉండడానికి మాత్రం, దాని లోపలి వైపు బిగించే పిన్‌లాక్ పలకను మించింది నేను చూడలేదు. రెండు పలకల మధ్య గాలి పొర ఉండి లోపలిది చల్లబడదు.

బూట్ల మీద తొడుక్కునే రబ్బరు తొడుగులు కొంటే అడుగు భాగం చూడండి. నావి నున్నగా ఉండేవి. తడి రోడ్డు మీద కాలు ఆనించగానే సర్రుమని జారింది, బండిని తొడతో ఆపాను. నీలి మచ్చ చాలా రోజులుంది.

రంగు పసుపే. ముసురులో బూడిద రంగు వేసుకుంటే మనం కూడా ముసురులో భాగమే. వీపు మీద మెరిసే పట్టీ ఉందని మురిసిపోయి దాని మీద సంచి తగిలించుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను.

తడి సూట్‌ను మడిచి డిక్కీలో వదిలేస్తే వాసన సంగతి పక్కన పెట్టండి, ఆ తేమకు, వేడికి లోపలి పూత జిగటగా మారి పొట్టులా రాలుతుంది. నా రెండో సూట్ అలాగే పోయింది, ఆ తప్పు పూర్తిగా నాదే.

నిన్న తమ్ముడు కొత్త సూట్ కొని తెచ్చాడు. పైన తొడుక్కునేది, ఫోను పోయాక వాడికీ బుద్ధొచ్చింది. అంకె 15,000. "అక్కా, దీనికేమంటావు?" అన్నాడు. నేనేమీ అనలేదు. స్టూలు మీద తడి తువ్వాలు నాలుగు మడతలేసి పరిచాను. సూట్ తొడుక్కుని, బండి మీద ఉన్నట్టే ముందుకు వంగి, పది నిమిషాలు కూర్చోమన్నాను. పేపరు చదువుతూ కూర్చున్నాడు. లేచాడు, వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాడు, మళ్లీ తడుముకున్నాడు.

"బిల్లు ఎక్కడ పెట్టానో చూడాలక్కా" అన్నాడు.