రివిట్లా, బోల్టులా?

ఫిబ్రవరి, శనివారం. విన్నిపెగ్, కెనడా.

వారమంతా ఎదురుచూసిన పార్సిల్ నిన్న సాయంత్రం వచ్చింది. పాత స్నోమొబైల్‌కు, అంటే ముందు స్కీలు, కింద పట్టా ఉండే మంచు బండికి, తెప్పించిన చక్రాలు. తీరా విప్పి చూస్తే పనికిరావు. అమ్మినవాళ్లు మాత్రం "1970 స్కీ-డూ ఒలింపిక్‌కు సరిపోతాయి" అని స్పష్టంగా రాశారు. వెర్నియర్ పెట్టి కొలిస్తే బయటి వ్యాసం పావు అంగుళం తక్కువ. వెడల్పు కూడా తేడా. పావు అంగుళమే కదా అనుకోవడానికి లేదు. పాత స్నోమొబైల్ కింద చక్రాలు విడివిడిగా ఉండవు. కొన్నింటిని కలిపి ఒక చట్రానికి బిగించి, మధ్యలో స్ప్రింగులు పెడతారు. దాన్నే బోగీ అంటారు. పక్కపక్కన ఉన్న రెండింటిలో ఒకటి చిన్నదైతే అది బండిని నడిపే రబ్బరు పట్టాకు ఆనదు, ఊరికే గాల్లో వేలాడుతుంది. దాని బరువు కూడా పక్క చక్రమే మోయాలి. అలా మోసి మోసి దాని బేరింగ్ పోతుంది. అంటే ఒక చక్రం మార్చబోయి రెండో చక్రాన్ని పాడుచేసుకున్నట్టు. రాత్రే వాపసు పెట్టేశాను. చాలా కోపం వచ్చింది. కొలత రాయకుండా "సరిపోతుంది" అని రాసేవాళ్ల దగ్గర ఇక కొనను.

బండి నాది కాదు, మా పక్కింటి పెద్దాయనది. వాళ్ల నాన్న కొన్నది. చలికాలం వస్తే దాన్ని ట్రెయిలర్ మీద గిమ్లీ దాకా తీసుకెళ్లి, అక్కడ విన్నిపెగ్ సరస్సు మంచు మీద నడుపుకుంటూ వెళ్లి, మంచుకు కన్నం చేసి పికరెల్ చేపలు పడతాడు. ఆ సరస్సు విస్తీర్ణం దాదాపు 24,500 చదరపు కిలోమీటర్లు. ఫిబ్రవరిలో దాని మీద పికప్ ట్రక్కులు తిరుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నా కాళ్లు వణికాయి. ఇప్పుడు అలవాటైపోయింది. చేపలు పట్టి బతికేవాళ్ల దగ్గర పాత బొంబార్డియే బి-12 మంచు బస్సులు ఇంకా కనిపిస్తాయి. ప్లైవుడ్ బాడీ, పక్కన గుండ్రటి కిటికీలు, ముందు స్కీలు, వెనక పట్టాలు. 1942లో పుట్టిన నమూనా అది. వాటితో ఈనాటికీ వలలూ చేపల పెట్టెలూ మోస్తున్నారంటే, ఎవరో ఎక్కడో ఓపిగ్గా చక్రాలు, పట్టాలు, బేరింగులు సమకూరుస్తూనే ఉన్నారన్నమాట.

ఇవాళ పొద్దున బయట మైనస్ 27. గరాజ్‌లో హీటర్ వేసి, అది కాస్త వెచ్చబడేలోగా టీ తాగేసి పని మొదలుపెట్టాను. పెద్దాయన అప్పటికే వచ్చి స్టూల్ మీద కూర్చున్నాడు. బండి వెనక భాగాన్ని పైకి లేపి పట్టాను చేత్తో తిప్పాం. మంచి చక్రాలు చప్పుడు లేకుండా తిరిగాయి. మధ్య బోగీలో ఒకటి కిర్రుమంది, ఇంకొకటి అసలు తిరగనే లేదు. తిరగని చక్రం పట్టా మీద రాసుకుపోతుంది. రబ్బరు ఒక పక్కనే అరిగి బల్లపరుపు అయిపోయింది. దానికి ఎదురుగా పట్టా లోపలి వైపు నల్లగా నిగనిగలాడుతూ చార పడింది. ఇంకో చలికాలం అలాగే వదిలేసి ఉంటే పట్టా తెగేది. ఈ కాలపు బండ్లకు పట్టాలు ఎన్నయినా దొరుకుతాయి గానీ, ఇంత పాతదానికి సరైన పట్టా దొరకడం చక్రం దొరికినంత తేలిక కాదు.

చక్రాన్ని వైస్‌లో పట్టించి చూశాను. పలచటి ఉక్కు పళ్లేలు రెండింటిని ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, అంచుల మధ్య రబ్బరు వలయం ఇరికించి, నడుమ బేరింగ్ కూర్చోబెట్టి, చుట్టూ రివిట్లు, అంటే చివర సాగగొట్టి బిగించేసే లోహపు మేకులు, కొట్టి మూసేశారు. తయారు చేసేటప్పుడు అది చౌక, గట్టి కూడా. కానీ బేరింగ్ పోయిందంటే చక్రమే పోయినట్టు. లోపలికి దారి లేదు. ఆ రోజుల్లో డీలర్ దగ్గరికి వెళ్తే కొత్త చక్రం ఇచ్చేవాడు, పాతది చెత్తబుట్టలోకి పోయేది. ఇప్పుడు కొత్తది ఇచ్చేవాడు లేడు కాబట్టి పాతదాన్నే తెరవాలి.

ఫొటో తీసి మావయ్యకు పంపాను. ఇక్కడ పొద్దున తొమ్మిది అంటే బెజవాడలో రాత్రి ఎనిమిదిన్నర. భోజనం చేసి కూర్చుని ఉంటాడు. ఆటోనగర్‌లో లేత్ పెట్టుకుని లారీల పార్టులు చేసిన మనిషి. కంపెనీ మూతపడిన బండికి కూడా "రేపు రండి" అనేవాడు గానీ "దొరకదు" అనేవాడు కాదు. వెంటనే వీడియో కాల్ చేశాడు.

"ఏరా అల్లుడూ, ఇంతేనా? రివిట్లు లేపేసి బోల్టులు బిగించెయ్."

"అదే అనుకుంటున్నా మావయ్యా. ఈ చలికి, ఆ అదురుకు నట్లు ఊడవా?"

"నైలాక్ నట్టు వెయ్, లోపల నైలాన్ వలయం ఉంటుంది, అదురుకు ఊడదు. బోల్టు పొడుగు సరిగ్గా కోసుకో, బయటికి పొడుచుకురాకూడదు. పక్కన ఏం తిరుగుతోందో ముందు చూసుకో. అన్నట్టు, ఆ రబ్బరు గట్టిగా ఉందా మెత్తగా ఉందా? గోరు దిగుతోందా?"

గోరు దిగలేదు. రాయిలా ఉంది. అంచున సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయి.

రివిట్ తల నడుమ పంచ్‌తో గుంట పెట్టి, మొదట సన్న బిట్టుతో, తర్వాత లావు బిట్టుతో డ్రిల్ చేశాను. తల ఊడగానే సుత్తితో చిన్న దెబ్బ వేస్తే మిగతాది కింద పడుతుంది. ఈ పనిలో తొందర పనికిరాదు. బిట్టు పక్కకు జారితే రేకులో రంధ్రం కోలగా అయిపోతుంది, తర్వాత బోల్టు అందులో ఆడుతుంది. చివరి రివిట్ కూడా పోయాక స్క్రూడ్రైవర్ అంచు దూర్చి తిప్పితే రెండు పళ్లేలూ విడిపోయాయి. లోపల గ్రీజు అన్నది లేదు. ఎర్రటి తుప్పు పొడి, అందులో బిగుసుకుపోయిన బాల్స్. వసంతంలో కరిగిన నీళ్లు లోపలికి పోవడం, మళ్లీ చలికి గడ్డకట్టడం, షెడ్డులో నెలల తరబడి కదలకుండా ఉండటం, ఇవే వీటిని చంపేది. నడిపి అరగ్గొట్టినవాటికంటే నిలబెట్టి తుప్పు పట్టించినవే ఎక్కువ.

పాత బేరింగ్ మీద నంబరు కనబడలేదు. ఈ పాతకాలపు చక్రాలతో ఉన్న పెద్ద తలనొప్పి ఇదే. తర్వాతి కాలపు స్నోమొబైళ్లలో చాలావాటికి 6004, 6204, 6205 లాంటి మామూలు బేరింగులే ఉంటాయి. వాటి నంబరు తెలిస్తే చాలు, ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది. 6204 అంటే లోపల 20, బయట 47, మందం 14. విన్నిపెగ్‌లో కొన్నా విశాఖపట్నంలో కొన్నా అదే కొలత. నంబరు లేనప్పుడు మాత్రం తుప్పు గీకి, మూడు కొలతలూ మూడేసి చోట్ల తీసి, పట్టిక ముందేసుకుని కూర్చోవాలి. కూర్చున్నాను. దొరికింది కూడా. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న రకం మా షాపులోనే ఉంటే కొని తెచ్చాను. సీలు లేనిది ఈ బండికి ఒక్క సీజన్ కూడా ఆగదు.

పెద్దాయన మధ్యాహ్నం దాకా కదల్లేదు. చేతికి అందిస్తూ, పాత సంగతులు చెబుతూ కూర్చున్నాడు. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో స్నోమొబైల్ తయారుచేసే కంపెనీలు 100కు పైగా ఉండేవి. 1971లో ఒక్క ఏడాదిలోనే దాదాపు 5 లక్షల బండ్లు అమ్ముడుపోయాయి. మోటో-స్కీ, స్నో-జెట్, స్కీరూల్, రప్, స్కార్పియన్, ఎన్ని పేర్లో. తర్వాత వరసగా మంచు సరిగా పడని చలికాలాలు, 1973 చమురు సంక్షోభం వచ్చి చాలావరకు మూతపడ్డాయి. బండ్లు మాత్రం పొలాల్లో, కొట్టాల్లో మిగిలిపోయాయి. స్కీ-డూ వాళ్లది ఇంకా నడుస్తున్న కంపెనీ కాబట్టి మా పరిస్థితి నయం. పేరు కూడా పోయిన కంపెనీ బండి పట్టుకున్నవాళ్ల సంగతి తలుచుకుంటే బాధేస్తుంది. వాళ్లకు దారి ఒక్కటే, అలాంటిదే పాడైపోయిన ఇంకో బండి కొని దాన్నుంచి పార్టులు తీసుకోవడం.

అప్పటి డీలర్ల గోడౌన్లలో డబ్బా కూడా విప్పకుండా మిగిలిపోయిన పార్టులకు ఇప్పుడు మంచి గిరాకీ. ఉక్కు పార్టయితే నేనూ కొంటాను. రబ్బరు అయితే మాత్రం వద్దు. డబ్బాలో ఉన్నంత మాత్రాన రబ్బరుకు వయసు రాకుండా ఉంటుందా? ఈ మధ్య త్రీడీ ప్రింటర్‌తో చక్రాలు చేస్తున్నామని కొందరు అంటున్నారు. మైనస్ 30లో, సరస్సు నడిమధ్యలో, నా బరువు దాని మీద వెయ్యాలంటే నాకు ధైర్యం చాలదు.

మధ్యలో ఒకసారి ఆగి, స్కీ-డూను పుట్టించిన జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే గురించి మాట్లాడుకున్నాం. క్యూబెక్‌లో వాల్కూర్ అనే ఊరి మెకానిక్ ఆయన. 15 ఏళ్ల వయసులోనే, 1922లో, ఫోర్డ్ మోడల్-టి ఇంజనుకు ప్రొపెల్లర్ తగిలించి మంచు మీద బండి నడిపాడు. 1934 జనవరిలో ఆయన రెండేళ్ల కొడుకు ఈవాన్‌కు కడుపులో జబ్బు ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లే వీలు లేకపోయింది. పిల్లవాడు దక్కలేదు. తర్వాత కొద్ది కాలానికే రబ్బరు తొడిగిన పళ్ల చక్రం, దాని మీద నడిచే పట్టా తయారు చేశాడు. 1937లో పేటెంట్ వచ్చింది. ఆ బండ్లు డాక్టర్లనూ టపానూ బడిపిల్లలనూ మోశాయి. 1959లో స్కీ-డూ వచ్చింది, 1964లో ఆయన పోయాడు. నాకూ చిన్న పిల్ల ఉంది. ఆ కబురు విన్నప్పటి నుంచి ఈ బండి చక్రం చేతిలోకి తీసుకుంటే దాన్ని ఆటవస్తువు అనుకోలేకపోతున్నాను. మంచులో చిక్కుపడ్డ మనిషి దగ్గరికి వెళ్లగలగాలి అన్నదే దీని మొదటి పని.

కొత్త రబ్బరు వలయం ఎక్కించడం అన్నిటికంటే కష్టమైంది. వేడి నీళ్లలో కాసేపు ఉంచి, అంచుకు సబ్బు నీళ్లు పూసి, రెండు పళ్లేల మధ్య పెట్టి వైస్‌తో మెల్లగా నొక్కాలి. ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేస్తుంది. రెండు వేళ్లు నలిగాయి. తర్వాత బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాను. ఒకేసారి ఒక పక్కన బిగిస్తే చక్రం వంకర పోతుంది. అంతా అయ్యాక కడ్డీకి ఎక్కించి వేలితో తిప్పితే చాలాసేపు తిరిగి ఆగింది. పెద్దాయన తన చేత్తో మళ్లీ తిప్పాడు.

అప్పుడు మెల్లగా అడిగాడు, పాతదానిలాగే రివిట్లు కొట్టడం కుదరదా అని. వాళ్ల నాన్న బండి కదా, చూపుకు తేడా రాకూడదని ఆయన కోరిక. ఆ కోరిక నాకు అర్థమైంది. మ్యూజియంలో పెట్టే బండికి రివిట్లే కొట్టాలి, అందులో వాదన లేదు. సరస్సు మీదికి వెళ్లే బండికి మాత్రం బోల్టులే ఉండాలని గట్టిగా చెప్పాను. మళ్లీ బేరింగ్ పోతే ఆయన మనవడు పది నిమిషాల్లో విప్పి మార్చుకోగలగాలి, అందుకు నాలాంటివాడి కోసం వెతుక్కునే అవసరం రాకూడదు. ఆలోచించి సరేనన్నాడు. బాగున్న చక్రాల్లో ఒకదాన్ని మాత్రం విప్పకుండా, రివిట్లతోనే తనకు ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చాను. కోటు జేబులో పెట్టుకుని వెళ్లాడు.

సాయంత్రం బేరింగ్ నంబరు, బోల్టు పొడుగు, రబ్బరు వలయం లోపలి బయటి వ్యాసాలు, అన్నీ సీటు అడుగున మార్కర్‌తో రాశాను. ముందు బోగీ, వెనక బోగీ ఇంకా మిగిలే ఉన్నాయి. రబ్బరు వలయాలు తక్కువ పడ్డాయి, పెద్దాయనకు ఇచ్చినదాని బదులు చక్రం కూడా ఒకటి చూడాలి. సోమవారం ఫోన్ చేసి, ముందు కొలత చెప్పించుకుని, తర్వాతే ఆర్డర్ ఇవ్వాలి.