బాలానగర్ మేడ మీద బ్లాక్ సబ్బాత్

2025 జూలై 22, మంగళవారం రాత్రి బాగా పొద్దుపోయాక బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఓజీ ఓస్బోర్న్ మరణవార్త వచ్చింది. మర్నాడు పొద్దున్నే బాలానగర్ నుంచి బాబాయ్ ఫోన్ చేశారు. "ఆదివారం సాయంత్రం అందరం మా మేడ మీద కూర్చుంటున్నాం. నువ్వు రావాలి" అన్నారు. వీలవుతుందా అని అడగలేదు. ఆయన నాకు చుట్టం కాదు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న గది ఆయన ఇంటిదే. బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ ఒకటుందని నాకు చెప్పిన మనిషి ఆయనే. శనివారం రాత్రికే బ్యాగు సర్దుకున్నాను.

ఖమ్మంలో రైలెక్కినప్పటి నుంచీ ముసురు. వరంగల్ దాటాక కాస్త తెరిపి ఇచ్చింది. సికింద్రాబాద్‌లో దిగేసరికి మధ్యాహ్నం కావస్తోంది. స్టేషన్ అంతటా కొత్త కట్టడాల పనులు జరుగుతున్నాయి, రేకుల అడ్డుగోడల మధ్య నుంచి దారి వెతుక్కుని మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో మారితే బాలానగర్ దగ్గరే. కానీ సాయంత్రం దాకా సమయం ఉంది, పైగా ఆదివారం. ఆదివారం హైదరాబాద్‌లో ఉండి ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల వైపు వెళ్ళకుండా ఉండడం నా వల్ల కాదు. నాంపల్లిలో దిగి నడిచాను.

చినుకులు పడుతుంటే పుస్తకాల వాళ్ళు నీలం పట్టాలు కప్పుతున్నారు, ఆగగానే తీస్తున్నారు. మూతపడిన దుకాణాల మెట్ల మీద పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, పాత పత్రికలు. ఒక కుప్ప అడుగున 'రాక్ స్ట్రీట్ జర్నల్' పాత సంచిక దొరికింది. అట్ట మూలలు మెత్తబడ్డాయి, మధ్య పేజీల్లో పోస్టరు ఎవరో చింపుకుపోయారు. బేరమాడకుండా కొన్నాను.

ఆ పత్రిక విలువ ఈ తరానికి చెప్పాలి. 1993లో అమిత్ సైగల్ అలహాబాద్ నుంచి మొదలుపెట్టారు. ముంబయి కాదు, బెంగళూరు కాదు, అలహాబాద్! ఇంటర్నెట్ ఇంటింటికీ రాని కాలంలో దేశంలో ఏ మూల ఏ బ్యాండ్ వాయిస్తోందో తెలియాలంటే అదే దిక్కు. 1997లో ఆయనే గ్రేట్ ఇండియన్ రాక్ పండుగ ప్రారంభించారు. 2012 జనవరిలో ఆయన పోయారు. నా హాస్టల్ మిత్రుల్లో చాలామందికి మెటల్ అంటే, అదే బరువైన రాక్ సంగీతం అంటే, ఏమిటో తెలిసింది ఆ పేజీల్లోనే. పాట వినడానికి ముందు పేరు తెలిసేది. పేరు పట్టుకుని క్యాసెట్ కోసం కోఠి, సికింద్రాబాద్ దుకాణాలన్నీ తిరిగేవాళ్ళం. ఎక్కడా దొరక్కపోతే ఎవరి దగ్గరుందో కనుక్కుని, ఖాళీ క్యాసెట్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. అలా తెలియని మనుషుల ఇళ్ళలో టీ తాగుతూ, టేపు తిరిగేంతసేపు కూర్చుని స్నేహితులమయ్యాం.

నాంపల్లి నుంచి బాలానగర్‌కు మళ్ళీ మెట్రో. మూసాపేట దాటేటప్పుడు పైనుంచి చూస్తే రేకుల షెడ్లు, వాటి వెనుక అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. బాలానగర్ అంటే నాకు చిన్న చిన్న వర్క్‌షాపుల ఊరు. లేతులు, పవర్ ప్రెస్సులు, డైల (లోహపు అచ్చుల) తయారీ. కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఇక్కడ వెలసింది 1968లో. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ అనే కార్మికవాడలో నలుగురు కుర్రాళ్ళు బ్లాక్ సబ్బాత్‌గా మారిన బ్యాండ్ కట్టిందీ 1968లోనే. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదని తెలుసు. అయినా బాబాయ్ ఆ సంవత్సరాన్ని ఎప్పుడూ గర్వంగానే చెబుతారు.

ఆయన జీవితమంతా ప్రెస్ షాపులో గడిచింది. ఇనుప రేకును డై మీద పెట్టడం, పెడల్ నొక్కడం, ముక్క తీయడం. రోజంతా అదే దెబ్బ, అదే లయ. ఆ పనిలో వేళ్ళు పోగొట్టుకున్న వాళ్ళను ఆయన కళ్ళారా చూశారు. అందుకే బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కథ ఆయన చెబితే వేరుగా ఉంటుంది. అయోమీకి అప్పుడు పదిహేడేళ్ళు. రేకుల ఫ్యాక్టరీలో అది ఆఖరి రోజు, మర్నాటి నుంచి పూర్తిగా సంగీతమే. ఆ రోజే ప్రెస్సులో పడి కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కావడంతో గిటార్ తీగలు నొక్కే చెయ్యి అదే. వాయించడం ఇక కుదరదని వైద్యులు చెప్పారు. ఫ్యాక్టరీ మేనేజర్ మాత్రం జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు దెబ్బతిన్నా ప్రపంచం మెచ్చేలా వాయించిన గిటారిస్టు ఆయన. అయోమీ డిటర్జెంట్ సీసాను కరిగించి వేలి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు ముక్క అంటించాడు. గట్టి తీగలు నొక్కితే నొప్పి కాబట్టి సన్నటి తీగలు వాడాడు, తరవాత శ్రుతి తగ్గించి తీగలు వదులు చేశాడు. వదులైన తీగల నుంచి వచ్చిన ఆ బరువైన, మందమైన నాదం మీదే మెటల్ అంతా నిలబడింది.

బాబాయ్ ఈ కథ చదివి ఊరుకోలేదు. తనూ ఒక ప్లాస్టిక్ సీసా ముక్కను వేడిచేసి, వేలికి సరిపడేలా వంచి, గరుకు కాగితంతో అరగదీసి తొడుగు చేశారు. దాన్ని నేను మళ్ళీ ఈసారి చూశాను. పాత టైటాన్ వాచీ డబ్బాలో పెట్టారు. తెల్లటి ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగింది, లోపలి అంచు ఒకచోట ఇంకా పదునుగా ఉంది. వేలికి తొడుక్కుని గిటార్ తీగ నొక్కి చూశాను. తీగ కింద ఉందో లేదో స్పర్శ తెలియదు. ఇలాంటిది పెట్టుకుని ఒక మనిషి యాభై ఏళ్ళకు పైగా వాయించాడు. ఎన్నిసార్లు విన్న కథో! తొడుగు పెట్టుకున్నప్పుడే నాకు గుండెల్లోకి దిగింది.

మేడ మీది గదిలో అప్పటికే జనం చేరారు. అంతకు ముందు ఆదివారమే పాతబస్తీ బోనాలు, బాబాయ్ వాళ్ళ వీధిలో కట్టిన వేపమండలు కూడా ఇంకా వాడి వేలాడుతున్నాయి. పిన్ని మిర్చి బజ్జీలు వేస్తూ "ముందు తినండి, తరవాత ఏడుద్దురు గాని" అన్నారు. ఒకమూల పాత టేప్ రికార్డర్, దాని మీద ఓజీ ఫొటో, చిన్న బంతిపూల దండ.

ఆ టేప్ రికార్డర్ నుంచే అంతా మొదలైంది. ఎనభైల చివర కువైట్‌లో పనిచేసే బావగారు సెలవులకు వస్తూ దాన్ని తెచ్చారు. దానితోపాటు ఒక సంచీ నిండా క్యాసెట్లు, అందులో ఒకదాని మీద పేరు లేదు. బాబాయ్ దాన్ని పెడితే వాన చప్పుడు వినిపించిందట. ఉరుము, ఆ వెనక దూరంగా చర్చి గంట. టేపు పాడైందేమో అనుకున్నారు. ఆపేయబోతుండగా గిటార్ వచ్చింది. మూడే స్వరాలు. చాలాకాలం ఆయనకు ఆ బ్యాండ్ పేరే తెలియదు. పేరు తెలియకుండానే రోజూ షాపు నుంచి వచ్చి వినేవారు. చివరికి సికింద్రాబాద్‌లో ఒక క్యాసెట్ల దుకాణానికి తీసుకెళితే, కౌంటర్‌లోని కుర్రాడు గంట మోగేదాకా విని "బ్లాక్ సబ్బాత్, మొదటి రికార్డు" అన్నాడట. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం విడుదలైన రికార్డు. స్టూడియోలో ఒక్క రోజులో పాడి ముగించారు.

ఆ మూడు స్వరాల సంగతి నాకు విప్పి చెప్పింది పిన్ని. ఆమె చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. షడ్జమం (స), పైన తారషడ్జమం (పై స), అక్కడి నుంచి ప్రతిమధ్యమానికి (హెచ్చు మ) దిగి నిలవడం. "కల్యాణి రాగంలో ఎంత హాయిగా ఉంటుందో ఈ ప్రతిమధ్యమం! వీళ్ళు చుట్టూ ఏ స్వరమూ లేకుండా ఒంటరిగా వదిలేశారు, అందుకే భయం వేస్తుంది" అంటారామె. ఇంతకన్నా బాగా ఆ పాటను విడమరిచిన వాళ్ళను నేను ఎరగను. అప్పట్లో పేరున్న విమర్శకులు ఈ రికార్డును చీల్చి చెండాడారు. అయినా బ్రిటన్‌లో అది ఎనిమిదో స్థానానికి ఎక్కింది. విమర్శకులు వద్దన్నదాన్ని జనం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పంపుకున్నారు. కువైట్ నుంచి బాలానగర్‌కు వచ్చిందీ అలాగే.

వచ్చినవాళ్ళలో ఒక డ్రమ్మర్ కుర్రాడు ఉన్నాడు. బోనాలకు తీన్‌మార్ వాయించే ఇంట్లో పుట్టాడు. అతన్ని పట్టి లాగింది ఓజీ గొంతు కాదు, బ్యాండ్ డ్రమ్మర్ బిల్ వార్డ్ డ్రమ్స్. "మెటల్ డ్రమ్స్ అంటే సూటిగా బాదడమే అనుకునేవాణ్ణి అన్నా. ఈయన దరువులో ఊపు ఉంది, జాజ్ విని పెరిగిన మనిషి కదా" అన్నాడు. 2013 నాటి పునఃకలయిక రికార్డులో వార్డ్ లేడు. ఒప్పందం దగ్గర తేడా వచ్చింది. ఆ రికార్డును ఈ కుర్రాడు ఇప్పటికీ వినడు! నేను చాలా ఇష్టంగా వింటాను. అయినా అతని పట్టుదల చూస్తే గౌరవం కలుగుతుంది.

అసలు గొడవ మాత్రం డియో గురించే. 1979లో ఓజీని బ్యాండ్ నుంచి పంపేశారు. రోనీ జేమ్స్ డియో వచ్చాడు, 1980లో కొత్త గొంతుతో కొత్త రికార్డు వచ్చింది. బాబాయ్ మిత్రుడు, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆ రికార్డుతోనే బ్యాండ్‌కు అభిమాని అయ్యారు. ఆయన దృష్టిలో పాడటం వచ్చినవాడు డియో ఒక్కడే. ఓజీ సంస్మరణకు వచ్చి కూర్చుని కూడా ఆ మాట అన్నారు! బాబాయ్ ముఖం ఎర్రబడింది. "పాడటం వేరు, ఆ పాట మనిషి కావడం వేరు" అన్నారు. వాదన చాలాసేపు నడిచింది. నేను బాబాయ్ పక్షమే. ఓజీ గొంతులో శిక్షణ లేదు, ఆస్టన్ వీధుల భయం ఉంది, బ్యాండ్ బేస్ గిటారిస్టు గీజర్ బట్లర్ రాసిన యుద్ధం మాటలకు, పిచ్చి మాటలకు అదే కావాలి. కానీ 2010లో డియో చనిపోయిన రోజున ఈ బ్యాంకు పెద్దాయన ఇంటికి మొదట వెళ్ళిందీ బాబాయే. ఇలా ఏళ్ళ తరబడి ఒకరినొకరు ఒప్పించలేకపోయినా విడిచిపెట్టని మనుషులే ఒక బ్యాండ్‌ను బతికిస్తారని నా నమ్మకం. గాయకుడు మారినప్పుడు, రికార్డు బాగా లేనప్పుడు, అమ్మకాలు పడిపోయినప్పుడు పాట ఒక్కటే మనిషిని నిలబెట్టలేదు. పక్కన కూర్చుని పోట్లాడే మనిషి కావాలి.

బాబాయ్ కూతురు దారి వేరు. 2022లో ఒక ఓటీటీ సిరీస్ సీజన్ ముగింపులో మెటాలికా అనే బ్యాండ్ వాళ్ళ 1986 నాటి పాట వినిపించాక లోకమంతా కుర్రకారు దాని వెంట పడింది. ఆ అమ్మాయీ పడింది. మెటాలికా ఎవరిని విని పెరిగారని వెతికితే, 2006లో బ్లాక్ సబ్బాత్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానించింది వాళ్ళేనని తెలిసింది. "అంతవరకూ నాన్న గదిలో మోగేది ఏదో పాత గోల అనుకున్నాను అన్నయ్యా. ఒకరోజు హెడ్‌ఫోన్లో అదే వాన, అదే గంట. లేచి నాన్న దగ్గరికి పరిగెత్తాను" అంది. ఆ మాట వింటూ బాబాయ్ తల దించుకుని బజ్జీ విరుస్తూ ఉండిపోయారు.

జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో జరిగిన చివరి కచేరీని తండ్రీ కూతుళ్ళిద్దరూ డబ్బు కట్టి లైవ్‌లో చూశారు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని ఓజీ నల్లటి సింహాసనంలో కూర్చుని పాడారు. అయోమీ, బట్లర్, చాలా ఏళ్ళ తరవాత వార్డ్ కూడా. నలుగురూ పుట్టి పెరిగిన ఆస్టన్‌లోనే ఆ మైదానం. వచ్చిన డబ్బు పార్కిన్సన్స్ పరిశోధనకు, పిల్లల ఆసుపత్రికి, పిల్లల హాస్పైస్‌కు (నయంకాని జబ్బున్న పిల్లల సంరక్షణ కేంద్రానికి) వెళ్ళేలా ఏర్పాటు చేశారు. మన దగ్గర అర్ధరాత్రి దాటాక నలుగురూ కలిసి వాయించారట. ఆ వేళ వార్డ్ కనిపించగానే డ్రమ్మర్ కుర్రాడికి ఫోన్ చేసి లేపింది ఈ అమ్మాయే. పదిహేడు రోజులకు ఓజీ లేరు.

చీకటి పడ్డాక మొదటి రికార్డును టేపు మీదే మొదటి నుంచి చివరిదాకా విన్నాం. ఎవరూ మాట్లాడలేదు. బ్యాంకు పెద్దాయన కళ్ళు మూసుకుని వేళ్ళతో మోకాలి మీద దరువు వేస్తూనే ఉన్నారు. తరవాత మళ్ళీ చర్చ. కొత్తగా వినేవాళ్ళ చేతికి ముందు ఏది ఇవ్వాలి? రెండో రికార్డన్నాడు డ్రమ్మర్, 1970లోనే వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకున్నది. 1980 నాటిదన్నారు బ్యాంకు పెద్దాయన, ఊహించినట్టే. బాబాయ్, నేను వాన చప్పుడు దగ్గర నుంచే మొదలుపెట్టాలన్నాం. ఖమ్మంలో నా దగ్గర పాఠం వినే ఒక కుర్రాడు మెటల్ గురించి అడుగుతున్నాడని చెబితే, బాబాయ్ ఆ రాత్రే పేరు లేని టేపును నా కోసం ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించారు. వాడి దగ్గర టేప్ రికార్డర్ లేదు. నాది ఇవ్వాలి.

2026 ఫిబ్రవరి 13 కూడా శుక్రవారమేనని అమ్మాయి క్యాలెండర్ చూసి చెప్పింది. మళ్ళీ ఆ రోజే కలవాలనుకున్నాం. బ్యాంకు పెద్దాయన డియో రికార్డు తెస్తానన్నారు, బాబాయ్ సరేనన్నారు. సెలవు చీటీ నేను ఖమ్మం చేరిన మర్నాడే ఇచ్చేశాను.