రెండు పరివర్తనల జత: మొదటిసారి పోగొట్టుకున్న మార్కులు, రెండోసారి దొరికిన దారి

పరీక్ష మొదటి ప్రయత్నంలో నా మార్కులు ఎక్కువగా పోయింది లీనియర్ ఆల్జీబ్రాలోనే, అంటే మాత్రికలు, రేఖీయ పరివర్తనల గణితంలో. ఒక్క మాత్రిక (అడ్డు, నిలువు వరుసల్లో అమర్చిన సంఖ్యల పట్టిక) మీద అడిగినవి బాగానే చేశాను. ‘ఎ, బి అనే రెండు రేఖీయ పరివర్తనలు ఉన్నాయి, కింది వాటిలో ఏవి సత్యం?’ అన్న ప్రశ్న కనబడితే మాత్రం చెయ్యి ఆగిపోయేది. రేఖీయ పరివర్తన అంటే కూడికను, సంఖ్యతో గుణకారాన్ని చెడగొట్టకుండా ఒక వెక్టర్‌ను ఇంకో వెక్టర్‌గా మార్చేది; ఒక బేసిస్ (మిగతా వెక్టర్లన్నిటినీ రాయడానికి చాలే ఆధార వెక్టర్లు) ఎంచుకుంటే దాన్ని మాత్రికగా రాయవచ్చు. ఇప్పుడు ఈ భాగం దగ్గరే ఆగిపోయిన మిత్రుల కోసం ఇది రాస్తున్నాను.

ఒక తప్పు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఎబి = బిఎ అని ఇచ్చారు, అంటే రెండింటినీ ఏ క్రమంలో ప్రయోగించినా ఒకే ఫలితం; దీన్నే కమ్యూట్ అవడం అంటారు. ఐగెన్ వెక్టర్ అంటే పరివర్తన కేవలం ఒక సంఖ్యతో గుణించి వదిలే సున్నా కాని వెక్టర్; ఆ సంఖ్యే ఐగెన్ విలువ. ‘ఎ ఐగెన్ వెక్టర్లన్నీ బి కి కూడా ఐగెన్ వెక్టర్లే’ అన్న ఆప్షన్‌ను మరో ఆలోచన లేకుండా గుర్తించాను. పరీక్ష అయ్యాక ఎ స్థానంలో ఏ వెక్టర్‌నూ మార్చని ఐడెంటిటీ మాత్రికను పెట్టి చూశాను. అది ప్రతి మాత్రికతోనూ కమ్యూట్ అవుతుంది. సున్నా కాని ప్రతి వెక్టరూ దానికి ఐగెన్ వెక్టరే. అవన్నీ బి కి ఐగెన్ వెక్టర్లు కావాలంటే బి కూడా ఐడెంటిటీకి గుణిజమే అయి ఉండాలి! సిద్ధాంతం నాకు కంఠతా వచ్చు: డయాగొనలైజ్ అయ్యే (ఏదో ఒక బేసిస్‌లో ప్రధాన వికర్ణం బయట అన్నీ సున్నాలే అయ్యే) రెండు మాత్రికలు కమ్యూట్ అయితే, రెండూ ఒకే బేసిస్‌లో వికర్ణ రూపంలోకి వస్తాయి. కానీ అలాంటి బేసిస్ ఒకటి ఉందని మాత్రమే అది చెబుతోంది. ఎ కోసం మనం ఎంచుకున్న ఏ బేసిస్ అయినా సరిపోతుందని చెప్పడం లేదు. ఈ తేడాను నేను అంతవరకూ పట్టించుకోలేదు.

రెండోసారి చదివేటప్పుడు, జత కనబడగానే ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎ ఐగెన్ వెక్టర్‌ను బి ఎక్కడికి పంపుతోంది?

ఎబి = బిఎ అయితే అదే ఐగెన్ స్పేస్‌లో (ఒకే ఐగెన్ విలువ ఉన్న వెక్టర్లన్నీ, సున్నాతో సహా) ఉంచుతుంది. ఎ ఐగెన్ విలువలన్నీ వేర్వేరైతే ప్రతి ఐగెన్ స్పేస్ ఒక గీతే కాబట్టి, నేను తప్పుగా గుర్తించిన ఆప్షన్ అప్పుడు నిజమవుతుంది. పైగా బి, ఎ లో ఒక బహుపది (ఎ ఘాతాలను సంఖ్యలతో గుణించి కూడినది) అవుతుంది. ఎ డయాగొనలైజ్ అయ్యేదై, ఒక విలువ పునరావృతమైతే బి ఆ విలువ ఐగెన్ స్పేస్ లోపల ఎలాగైనా ఉండవచ్చు.

ఎబి − బిఎ = 2బి అనుకోండి. ఎ కి ఐగెన్ విలువ 3 ఉన్న వెక్టర్ వి ని తీసుకుంటే, ఎ(బివి) = బి(ఎవి) + 2బివి = 5బివి. అంటే బివి సున్నా కావాలి, లేదా 5 కి ఐగెన్ వెక్టర్ కావాలి. మళ్లీ బి ని ప్రయోగిస్తే 7, ఆపైన 9. పరిమిత డైమెన్షన్‌లో ఈ మెట్లు ఎక్కడో ఆగక తప్పదు. ఎ డయాగొనలైజ్ అయ్యేదైతే బి నిల్‌పొటెంట్ (ఏదో ఒక ఘాతం సున్నా అయ్యేది) అని ఇక్కడే తేలిపోతుంది. కాకపోయినా, కాంప్లెక్స్ సంఖ్యల మీద బి ధన ఘాతాలన్నింటి ట్రేస్ (ప్రధాన వికర్ణంలోని సంఖ్యల మొత్తం) సున్నా అని చూపిస్తే అదే ఫలితం వస్తుంది. ఇది అర్థమైన రోజు పుస్తకం మూసి, నిరూపణను నాలుగుసార్లు రాసుకున్నాను.

ఎబి − బిఎ = ఐడెంటిటీ అన్నదానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. కాంప్లెక్స్ సంఖ్యల మీద ట్రేస్ చూస్తే ఒక్క వరుసలో అసాధ్యమని తేలుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది లియొనార్డ్ జత. సిలబస్‌లో ఆ పేరు ఉండకపోవచ్చు, అయినా చదవమనే అంటాను. 1982లో గణితజ్ఞుడు డగ్లస్ లియొనార్డ్ ఆర్థోగొనల్ బహుపదుల (ఒక నిర్ణీత లబ్ధంలో ఒకదానికొకటి లంబంగా ఉండే బహుపదుల) మీద నిరూపించిన సిద్ధాంతం నుంచి ఈ పేరు వచ్చింది. 2001లో ఇంకో గణితజ్ఞుడు పాల్ టెర్విలిగర్ దాన్ని రేఖీయ పరివర్తనల భాషలో చెప్పారు. ఒక బేసిస్‌లో బి వికర్ణ మాత్రిక, ఎ ట్రైడయాగొనల్ (ప్రధాన వికర్ణం, దానికి పైన, కింద ఆనుకుని ఉన్న వికర్ణాల్లో తప్ప అన్నీ సున్నాలే). ఇంకో బేసిస్‌లో వాటి రూపాలు తారుమారవుతాయి. ట్రైడయాగొనల్ రూపంలో ఆ ఆనుకుని ఉన్న రెండు వికర్ణాల్లో సున్నా ఉండకూడదు. అంటే ఒకదాని ఐగెన్ వెక్టర్‌ను రెండోది పొరుగు వాటి దాకానే పంపుతుంది, పొరుగును దాటనివ్వదు.

చేత్తో చేసి చూడండి. ఎ అడ్డు వరుసలు (0, 2, 0), (1, 0, 1), (0, 2, 0). బి వికర్ణంలో 2, 0, −2. ఇప్పుడు పి అడ్డు వరుసలు (1, 2, 1), (1, 0, −1), (1, −2, 1) అనుకుని గుణిస్తే పిఎ = బిపి అని వస్తుంది. పి ని పి తోనే గుణిస్తే ఐడెంటిటీకి 4 రెట్లు. అంటే పి విలోమం పి లో నాలుగో వంతే. అందుకే ఎ ని బి గా మార్చిన పి యే, బి ని తిరిగి ఎ గా మారుస్తుంది. మొదటిసారి ఆ గుణకారం పూర్తిచేసి సున్నాలన్నీ వాటి చోట్లలో కనబడినప్పుడు కలిగిన ఆనందం నాకు ఏ మాక్ టెస్టు మార్కులూ ఇవ్వలేదు.

నోటుపుస్తకం చివరి పేజీలు ప్రత్యుదాహరణలకు కేటాయించాను. రెండూ డయాగొనలైజ్ అయినా వాటిని కూడితే వచ్చేది డయాగొనలైజ్ కాకపోవచ్చు: (1, 1), (0, 0) వరుసలున్న మాత్రికకు (−1, 0), (0, 0) వరుసలున్నది కలిపి చూడండి. ఎబి, బిఎ ల క్యారెక్టరిస్టిక్ బహుపది (ఐగెన్ విలువలు మూలాలుగా ఉండేది) ఒకటే, మినిమల్ బహుపది (మాత్రికను పెడితే సున్నా వచ్చే అతి చిన్నది) మాత్రం వేరు కావచ్చు. దీనికి 2×2 ఉదాహరణ మీరే వెతకండి.

4×4 జత ఒకటి ఇచ్చి ఆపుతాను. ఎ వరుసలు (0, 3, 0, 0), (1, 0, 2, 0), (0, 2, 0, 1), (0, 0, 3, 0). బి వికర్ణంలో 3, 1, −1, −3. పి మొదటి వరుస (1, 3, 3, 1). ప్రతి వరుసా 1 తో మొదలవుతుంది. పైలాగే పిఎ = బిపి అయ్యేలా మిగతా మూడు వరుసలూ కాగితం మీద రాబట్టండి. పి వర్గం ఐడెంటిటీకి 8 రెట్లు వస్తే మీ లెక్క సరైనదే.